గీతలో సొట్ట

"ఇప్పుడు మీరు రాసిన కాగితం చింపెయ్యండి," అంది డాక్టర్ సుభాషిణి.

లోవరాజు కాగితం వంక చూశాడు. ఇరవయ్యొక్కేళ్ళ కుర్రాడు, తుని దగ్గర ఏదో ఊరు. మీకు బాగా కావలసిన మనిషికి ఉత్తరం రాయండి అంటే అరగంట తల ఎత్తకుండా రాశాడు. ఎవరికి రాశావని ఎవరూ అడగలేదు. ఒక్క క్షణం ఆగి కాగితాన్ని మధ్యకి చింపాడు. రెండు ముక్కలూ కలిపి మళ్ళీ చింపాడు. బల్ల పక్కనున్న బుట్టలో పడేసి, "అయిపోయిందండి మేడమ్," అన్నాడు. మొహంలో ఏమీ కనపడలేదు.

అద్దం అవతల గదిలో, తెర మీద తిన్నగా పోతున్న ఆకుపచ్చ గీత మాత్రం ఒక్కచోట కిందికి కుంగి మళ్ళీ పైకి లేచింది.

"సొట్ట పడింది మేడమ్." సింహాద్రి గొంతు సుభాషిణి చెవిలో ఉన్న బటన్‌లోంచి వినిపించింది. ఆ ప్రయోగశాలలో టెక్నీషియన్ అతనొక్కడే.

ఆ సొట్టను పట్టుకోవడానికి ఆమెకి పదకొండేళ్ళు పట్టింది. ఎవరైనా మనల్ని ఒక పని చెయ్యమన్నప్పుడు, చెయ్యి కదలకముందే, అసలు మనకే తెలియకముందే, లోపలెక్కడో ఒక 'కాదు' లేస్తుంది. లేచి అణిగిపోతుంది. సెకనులో మూడోవంతు కూడా ఉండదు. లోపలివైపు ముప్పై రెండు చిన్న బిళ్ళలు కుట్టిన బూడిదరంగు గుడ్డ టోపీ తలకి తొడిగితే, అది తెర మీద కనపడుతుంది. నివేదికల్లో దాని పేరు 'అంతర్గత అసమ్మతి సంకేతం'. సింహాద్రి దాన్ని మొదటిరోజే సొట్ట అన్నాడు. తర్వాత అందరూ అదే అన్నారు.

ప్రయోగశాల భీమిలి రోడ్డులో కొండ మీద ఉంటుంది. కిటికీ తీస్తే సముద్రం. డబ్బు పెట్టింది సముద్రం మధ్య గ్యాస్ వేదికల మీద ప్రమాదాలు జరిగినప్పుడు మనుషుల్ని కాపాడే దళాన్ని నడిపే సంస్థ. 'నిచ్చెన దిగిపో' అని అరిచినప్పుడు ఒక్క క్షణం తటపటాయించినవాడు తన ప్రాణమే కాదు, వెనకున్నవాళ్ళ ప్రాణం కూడా తీస్తాడని వాళ్ళ వాదన. మంటల్లో ఇరుక్కున్నవాళ్ళని తలుచుకుంటే సుభాషిణికీ అది సబబుగానే తోచింది. దళంలో చేరడానికి వచ్చిన నలభై మందిని, పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగేళ్ళ లోపు వాళ్ళని, ఆమె దగ్గరికి పంపారు.

ఒక్కొక్కరూ పరీక్ష అయ్యాక గంటసేపు ఆమెతో మాట్లాడాలి. టోపీ పెట్టేముందే అందరికీ ఆమె ఒకే మాట చెప్పింది: "మీకు ఒక నంబరు ఇస్తాం. మీ పేరు ఈ గది దాటదు." అందుకే ధైర్యంగా మాట్లాడారు. ఆ మాటలన్నీ టైపు చేసే పని ఆమె కూతురు ధరణిది. డిగ్రీ ఆఖరి సంవత్సరం పరీక్షలు రాసి ఫలితాల కోసం చూస్తున్న పిల్ల. వెనక గదిలో చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పొద్దుటినుంచి సాయంత్రం దాకా టైపు చేసేది.

'మాట వింటే ఒక సుఖం ఉందండి. తర్వాత ఏం జరిగినా తప్పు మనది కాదు.' ఇది పన్నెండో నంబరు అమ్మాయి.

'మా ఇంట్లో మాట వినడం అంటే మాట్లాడకుండా ఉండడం. రెంటికీ తేడా ఉందని కాలేజీకొచ్చాకే తెలిసింది.'

'హాస్టల్లో అందరం వార్డెన్ చెప్పినట్టే వింటాం. ఆయన వెళ్ళాక ఆయన్ని వెక్కిరిస్తాం. మళ్ళీ పొద్దున్న వింటాం. ఎదిరించడం అంటే మాకు అంతే.'

'నేను ఎదురు చెప్పనండి. చెయ్యను, అంతే.' ఇది లోవరాజు. ఇరవై ఏడో నంబరు. కాస్త ఆగి మళ్ళీ అన్నాడు: 'ఈ ఉద్యోగం కోసం అయితే చేస్తానండి. ఏదైనా.'

ధరణి ఆ వాక్యం దగ్గర ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది.

*

నెలకోసారి టోపీ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. దానికి పరీక్షతో సంబంధం లేని మనిషి ఒకరు కావాలి. మామూలుగా క్యాంటీన్ నడిపే ఆవిడ వచ్చి కూర్చునేది. ఆ రోజు ఆవిడ రాలేదు.

"ధరణీ, ఒక అరగంట టోపీ పెట్టుకుని కూర్చో."

"సరే అమ్మా."

ధరణి జడ విప్పి, జుట్టు వెనక్కి దువ్వుకుని కూర్చుంది. సుభాషిణి అద్దం ఇవతల సింహాద్రి పక్కన నిలబడి, మైకులో కాగితం చూసి చదివింది. కుడిచెయ్యి ఎత్తు. కుర్చీని గోడ దగ్గరికి జరుపు. ఆ గ్లాసులో నీళ్ళు తాగు. ఎవరికీ అడ్డు లేని మాటలవి. నలభై మందిలో ఒక్కరికి కూడా వాటి దగ్గర గీత కదల్లేదు.

ధరణి చెయ్యి ఎత్తింది. గీత కుంగింది. కుర్చీ జరిపింది. గీత కుంగింది. నీళ్ళు తాగింది. గీత ఇంకా లోతుగా కుంగింది.

సుభాషిణి లోపలికి వెళ్ళి టోపీ సరిచేసి వచ్చింది. మళ్ళీ అంతే. అప్పుడు మైకు సింహాద్రికిచ్చి, "నువ్వు చదువు," అంది. అతను అవే మాటలు చదివాడు. గీత స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా పోయింది. సుభాషిణి మైకు వెనక్కి తీసుకుంది. "ఎడమచెయ్యి ఎత్తు," అంది. సొట్ట.

టోపీ బాగానే ఉంది. ధరణి లోపలి 'కాదు' లేస్తున్నది ఆ మాటలకి కాదు, ఆ గొంతుకి.

జాబితాలో చివరిది మిగిలింది. దాన్ని చదవకుండా వదిలేస్తే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది. "చిన్నప్పుడు నీకు పెద్దవాళ్ళు చెప్పిన మాట, నువ్వు విన్న మాట, ఒకటి గుర్తుతెచ్చుకో. పైకి చెప్పక్కర్లేదు."

ధరణి కళ్ళు మూసుకుంది. గీత తెర అడుగు తాకి, కొంతసేపు అక్కడే ఉండిపోయింది.

పిల్ల మొహం మాత్రం ఎప్పటిలాగే ప్రశాంతంగా ఉంది. కళ్ళు తెరిచి, "అయిపోయిందా అమ్మా? ఇంకా నాలుగు టైపు చెయ్యాలి," అంది.

"వైరు ఎక్కడో లూజుగా ఉన్నట్టుంది మేడమ్," అన్నాడు సింహాద్రి, ఆమె వైపు చూడకుండా. అతనికి ఇద్దరు ఆడపిల్లలు.

*

మధురవాడలో వాళ్ళది రెండు గదుల ఫ్లాటు. ధరణికి ఆరేళ్ళప్పటినుంచీ ఆ ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే. భర్త వైకుంఠరావుకి పలాసలో ఫోటో స్టూడియో ఉండేది. విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చినప్పుడు ఆమె బయల్దేరింది, అతను రానన్నాడు. పెద్ద గొడవలేమీ జరగలేదు. ఎవరి ఊళ్ళో వాళ్ళు ఉండిపోయారు.

మా అమ్మాయి నా మాట జవదాటదు అని సుభాషిణి నలుగురిలో చెప్పుకునేది. ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు, గొంతు పెంచలేదు. ఏం చెప్పినా పిల్ల సరే అనేది. అది ప్రేమ అనుకుంది. ఇప్పుడు ఆ పిల్ల సరే అన్నప్పుడల్లా ఆమె కళ్ళముందు ఆకుపచ్చ గీత కుంగుతోంది.

ఏమీ చెప్పకుండా ఉండాలనుకుంది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. లే, తిను, తలుపేసుకో, ఫోన్ పక్కన పెట్టు, ఆ చున్నీ వద్దు ఇంకోటి వేసుకో. వీటిని తీసేస్తే కూతురితో మాట్లాడడానికి ఆమె దగ్గర ఒక్క మాట కూడా లేదు. పొద్దున్న టిఫిన్ దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. ఇడ్లీ ఎలా ఉందని అడగబోయి, అది కూడా తినమని చెప్పడమేనేమో అనిపించి ఊరుకుంది. ఆటోలో కూడా పక్కపక్కనే కూర్చుని చెరో వైపూ చూస్తూ వెళ్ళారు.

మూడోరోజు ధరణే అడిగింది. "అమ్మా, రెండ్రోజులుగా నువ్వు నాకేమీ చెప్పడం లేదు. కోపమా?"

"కోపం కాదు."

"మరి?"

"ఏం మాట్లాడాలో తెలీడం లేదు."

ధరణి అర్థం కానట్టు చూసి, తన గ్లాసు తను కడుక్కుని వెళ్ళిపోయింది. పక్కగదిలో ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వింటూ సుభాషిణి బల్ల దగ్గరే చాలాసేపు కూర్చుండిపోయింది. ఈ పద్నాలుగేళ్ళూ తను ఒక్కతే ఉందని, అది తనకిప్పుడే తెలిసిందని అనిపించింది.

*

ఆ వారమే సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. పంపింది చక్రపాణిగారు, ఈ పథకం మొత్తానికీ పెద్ద. నలభై మంది గీతలూ పేర్లతో సహా కావాలి. ఏ ఆజ్ఞ దగ్గరా సొట్ట పడనివాళ్ళని మాత్రమే తీసుకుంటారు. పని చేసినా సరే, లోపల కాదనుకున్నవాళ్ళు అక్కర్లేదు. ఇవాళ లోపల అనుకున్నవాడు రేపు పైకి అంటాడని రాశారు.

నంబర్ల పక్కన పేర్లున్న కాగితం సుభాషిణి బీరువాలో ఉంది. దాన్ని తీసి వెనకగదిలోకి తీసుకెళ్ళింది.

"వీటిని నంబర్ల పక్కన చేర్చి జాబితా తయారుచెయ్యి. రేపు సాయంత్రంలోగా పంపాలి."

ధరణి ఉత్తరం చదివింది. రెండోసారి కూడా చదివింది. హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది.

"నేను చెయ్యను," అంది.

గొంతు పెంచలేదు. చేతులు మాత్రం ఒళ్ళో గట్టిగా పట్టుకుంది. సుభాషిణికి ఒక్క క్షణం ఆ మాట ఎవరన్నారో తెలియలేదు.

"ఇది మన చేతిలో లేదు ధరణీ. పైవాళ్ళు అడిగారు."

"పేరు గది దాటదని నువ్వు చెప్పిన మాట నలభైసార్లు విన్నాను. నలభైసార్లు టైపు చేశాను. వాళ్ళు నిన్ను నమ్మి చెప్పారు."

"నాకు మాత్రం ఇవ్వాలని ఉందా? రెండు పూటలనుంచి అన్నం సయించడం లేదు. లోపల ఎంత కొట్టుకుంటోందో నీకేం తెలుసు."

"అయితే చూద్దాం," అంది ధరణి. "రేపు పదకొండింటికి చక్రపాణిగారు ఫోన్ చేస్తారు కదా. అప్పుడు నువ్వు టోపీ పెట్టుకో."

మర్నాడు సుభాషిణి తను కట్టిన గదిలో, తను నలభై మందిని కూర్చోబెట్టిన కుర్చీలో కూర్చుంది. బిళ్ళలు చల్లగా తలకి తగిలాయి. ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. అద్దం అవతల ధరణీ, సింహాద్రీ నిలబడ్డారు.

"డాక్టర్‌గారూ, జాబితా ఐదింటిలోగా వచ్చెయ్యాలి," అన్నాడు చక్రపాణి. ఆయన ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడతాడు. "పేర్లు, ఊళ్ళు, అన్నీ ఉండాలి. ఇంకో రెండు వందల టోపీలకి ఆర్డరు పెట్టండి. దళానికే కాదు, కొన్ని హాస్టళ్ళవాళ్ళూ అడుగుతున్నారు. పిల్లల్ని చేర్చుకునేముందు ఒకసారి చూసుకుంటారట. మీరు బయట ఎవరితోనూ ఈ విషయం మాట్లాడకండి."

"అలాగే సార్," అంది సుభాషిణి.

ఫోన్ పెట్టేసి అద్దం వైపు తిరిగింది. ఎంత లోతుగా కుంగిందో చెప్పమన్నట్టు చూసింది. సింహాద్రి తల దించుకున్నాడు. ధరణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆమె లేచి వెళ్ళి తెర చూసింది. మొదట్నుంచి చివరిదాకా గీత తిన్నగా ఉంది. పేర్ల దగ్గరా లేదు, హాస్టళ్ళ దగ్గరా లేదు. నలభై మందిలో సొట్ట లేని తొమ్మిదిమంది గీతలు కూడా అక్కడక్కడా సన్నగా వణికేవి. ఆమెది అది కూడా లేదు.

"టోపీ ఒకసారి చూడు సింహాద్రీ."

"చూశాను మేడమ్. బాగానే ఉంది." ఈసారి వైరు మీదికి నెట్టలేదు.

సుభాషిణి మెట్ల మీదికి వచ్చి కూర్చుంది. కింద సముద్రం ఎండలో తెల్లగా మెరుస్తోంది. లోపల కొట్టుకుంటోందని తను అనుకున్నది ఏమిటి? భయమా? అలవాటుగా పడే బాధా? ఇరవై రెండేళ్ళప్పుడు ఆమె చేసిన పని మీద గురువుగారు తన పేరు వేసుకుంటే పుస్తకాలు గోడకేసి కొట్టింది. అప్పుడు ఆ 'కాదు' ఉండేది కచ్చితంగా. తర్వాత ఎన్ని సంతకాలు, ఎన్ని అలాగే సార్లు. ఎప్పుడు పోయిందో తెలియదు. నొప్పి కూడా లేకుండా పోయింది.

ధరణి వచ్చి పక్క మెట్టు మీద కూర్చుంది. "నువ్వు అబద్ధం చెబుతున్నావనుకున్నాను. నిరూపిద్దామని పెట్టుకోమన్నాను. ఇలా ఉంటుందనుకోలేదమ్మా."

"నీకు ఎలా ఉంటుంది అది?" అని అడిగింది సుభాషిణి. "గీత కాదు. లోపల."

ధరణి ఆలోచించింది. "ఎవరో లోపలినుంచి నన్ను పేరు పెట్టి పిలిచినట్టుంటుంది. నేను పలకను. అంతే."

"ఆ రోజు, చివర్లో... ఏం గుర్తుచేసుకున్నావు?"

"నీకు తెలీదా?"

"తెలీదు."

"నాకు పదకొండేళ్ళప్పుడు పలాసనుంచి వచ్చాను. జ్వరంగా ఉంది. ఇక మీ నాన్న దగ్గరికి వెళ్ళొద్దు అన్నావు. సరే అన్నాను."

సుభాషిణికి గుర్తుంది. పిల్లని ఎండలో తిప్పి జ్వరం తెప్పించాడని కోపం. తండ్రి కొన్నాళ్ళు ఫోన్ చేశాడు, తర్వాత మానేశాడు. ధరణి ఒక్కసారి కూడా అడగలేదు. ఆ పిల్లకి తండ్రి మీద మనసు లేదని, తనకి తానే చెప్పుకుని స్థిమితపడింది.

"ఒక్కసారి అడగొచ్చు కదా," అంది.

"అడిగితే నువ్వు ఒక్కదానివే అయిపోతావనుకున్నాను," అంది ధరణి. "అప్పట్లో. తర్వాత అలవాటైపోయింది."

*

నాలుగున్నరకి సుభాషిణి కంప్యూటర్ ముందు కూర్చుంది. లోపల ఎవరైనా పిలుస్తారేమోనని కాసేపు చూసింది. ఎవరూ పిలవలేదు. జాబితా పంపెయ్యడానికి ఏ అడ్డూ లేదు. చేతులు తేలిగ్గా ఉన్నాయి. అన్నం కూడా తినాలనిపిస్తోంది.

అప్పుడు ఆమె మామూలు లెక్క చేసినట్టు ఆలోచించింది. మాటిచ్చాను. ఇచ్చిన మాట ఉంది. కనక ఇవ్వకూడదు. అందులో ఆవేశం లేదు, ధైర్యం లేదు. ఎవరో చెప్పిన లెక్క సరిచూసినట్టుంది.

సంస్థకి ఇలా రాసింది: 'పేర్లు ఇవ్వను. ఇవ్వనని ఆ నలభై మందికీ చెప్పాను. దీనితో నా గీత కూడా పంపుతున్నాను. ఈ రోజు పదకొండింటికి మీరు నాతో మాట్లాడుతున్నప్పుడు తీసినది. ఇందులో ఎక్కడా సొట్ట లేదు. మీ పద్ధతి ప్రకారం నేను మీకు కావలసిన మనిషిని. అయినా మీరు చెప్పింది చెయ్యడం లేదు. ఎవరు మాట వింటారో, ఎవరు వినరో ఈ యంత్రం చెప్పలేదు. అది చెబుతుందని ఇన్నేళ్ళూ అనుకోవడం నా పొరపాటు.' కింద పూర్తి పేరు రాసింది.

పేర్ల కాగితం పట్టుకుని కిందికి దిగి, క్యాంటీన్ పొయ్యిలో పెట్టింది. టీ కాస్తున్న ఆవిడ ఏమిటని అడిగితే, "పాత కాగితం," అంది.

చక్రపాణి యంత్రం తప్పు చూపించిందన్నాడు. పది రోజుల్లో ప్రయోగశాలకి తాళం పడింది. టోపీలు సంస్థవే కనక పెట్టెల్లో సర్ది పట్టుకుపోయారు. అవి ఏ గోదాములో ఉన్నాయో, ఎవరి తలల మీద ఉన్నాయో ఆమెకి తెలియలేదు. ఆమె ఇస్తే ఆ ఉత్తరాన్ని ఒక పత్రిక వేసింది. కొందరు చదివారు. కొందరు మెచ్చుకుంటూ రాశారు.

దళం కోసం పిలిచిన నలభై మందినీ సంస్థ వెనక్కి పంపేసింది. కొత్తవాళ్ళని వేరేచోట తీసుకుంటామంది.

*

లోవరాజు మధురవాడలో ఇల్లు వెతుక్కుంటూ ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీరు పేర్లు ఇవ్వనన్నారట కదండి. పేపర్లో చూశాను."

"అవును బాబూ. మీకు మాటిచ్చాను."

"బాగుందండి. మమ్మల్ని అడిగారా?"

వంటింటి గుమ్మంలో ధరణి నిలబడి ఉంది.

"నా గీతలో సొట్ట ఉందా మేడమ్?"

"ఉంది."

"ఎక్కడండి?"

"ఉత్తరం చింపమన్నప్పుడు."

"మా అన్నకి రాశానండి. వాడితో మాట్లాడి మూడేళ్ళయింది. చింపబుద్ధి కాలేదు. ఉద్యోగం కదా అని చింపేశాను." చొక్కా చేతులు కిందికి లాక్కున్నాడు. "పేర్లిస్తే నన్నొద్దనేవారు. ఇవ్వకపోయినా నాకు పోయింది. సొట్ట లేనివాళ్ళకి మాత్రం వచ్చుండేది. మాతో వచ్చినవాళ్ళలో ఒకమ్మాయి నాకు తెలుసు, ఎవరేం చెప్పినా లోపల కూడా కాదనుకోదు. ఆ పిల్ల ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ ఉద్యోగం కావాలి."

"మీ మంచికోసమే అనుకున్నాను."

"అందరూ అలాగే అనుకుంటారండి." అతను కోపంగా అనలేదు. అలసిపోయినట్టన్నాడు. "మాకు చెప్పుంటే, నలభైమందిమీ కూర్చుని ఇవ్వొద్దనేవాళ్ళమేమో. ఇచ్చెయ్యండి అనేవాళ్ళమేమో. ఏదైనా అది మా మాట అయ్యేది. వాళ్ళు అడక్కుండా మా తలలో చూడబోయారు. మీరు అడక్కుండా కాపాడారు. మేం మాత్రం రెండుసార్లూ కుర్చీలోనే కూర్చున్నాం."

ధరణి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. తాగి, గ్లాసు చేతికిచ్చి, "మీరు టైపు చేశారా మా మాటలు?" అని అడిగాడు.

"అవును."

"నాది బాగా చేశారా?"

"ఉన్నదున్నట్టు చేశాను."

అతను తలూపి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మెట్లు దిగుతున్న చప్పుడు ఆగిపోయేదాకా సుభాషిణి అలాగే నిలబడి ఉంది. తర్వాత వచ్చి మంచం మీద కూర్చుంది. పదకొండేళ్ళ పిల్లకి చేసిందీ, నలభై మందికి చేసిందీ ఒకే పని అని, ఒకసారి తప్పయి ఒకసారి ఒప్పయిందని, రెండుసార్లూ అవతలివాళ్ళ నోట మాట వినలేదని ఆమెకి అర్థమైంది.

నాలుగు రోజుల తర్వాత, బట్టలు మడతపెడుతూ అడిగింది. "పలాస వెళ్ళాలని ఉందా?"

ధరణి మడత ఆపింది. "వెళ్ళమంటున్నావా?"

"లేదు. అడుగుతున్నాను."

"ఆలోచించుకుంటాను."

మూడు రోజులు ఆలోచించుకుంది. ఆ మూడు రోజులూ సుభాషిణి ఏమీ అడగలేదు. అది ఆమెకి పదకొండేళ్ళ పరిశోధన కన్నా కష్టంగా ఉంది. నాలుగో రోజు పొద్దున్న ధరణి పాత నంబరుకి ఫోన్ చేసింది. అవతలి గొంతు "ఎవరూ?" అంది. పేరు చెప్పింది. స్టూడియో ఇప్పుడు లేదట, ఫ్లెక్సీలు ప్రింటు చేస్తున్నాడట. రమ్మన్నాడు. ఎన్నాళ్ళుంటావని అడగలేదు.

*

పలాస పాసింజర్ ప్లాట్‌ఫాం మీదికి వచ్చేసరికి ఎండ ఇంకా ముదరలేదు. ధరణికి కిటికీ పక్క సీటు దొరికింది. సుభాషిణి బయట నిలబడి కిటికీ కమ్మీ పట్టుకుంది. బ్యాగు ఒళ్ళో పెట్టుకో, మధ్యలో ఎక్కడా దిగకు, దిగగానే ఫోన్ చెయ్యి, ఎండలో తిరక్కు. నోటిదాకా వచ్చిన మాటలన్నీ ఒక్కొక్కటిగా మింగేసింది.

"ఏమైనా చెప్పాలా అమ్మా?" అని అడిగింది ధరణి.

సుభాషిణి కమ్మీ వైపు చూస్తూ అంది. "నువ్వు లేకపోతే నాకు మాట్లాడడానికి ఎవరూ లేరు. భయంగా ఉంది."

ధరణి ఆమెని పరీక్షగా చూసింది. "అలా అంటే నేను దిగిపోతానని అన్నావా?"

ఆమె నిజంగా ఆలోచించింది. "కొంచెం అందుకే," అంది.

"దిగను."

"ఊఁ."

"ఎప్పుడొస్తానో కూడా తెలీదు. అక్కడ ఎలా ఉంటుందో చూడాలి."

"ఊఁ."

బండి కదిలింది. ధరణి చెయ్యి బయటికి చాచి, కమ్మీ మీదున్న తల్లి వేళ్ళ మీద ఒకసారి పెట్టి తీసేసింది. సుభాషిణి నాలుగడుగులు వెంట నడిచి ఆగిపోయింది. ఆఖరి పెట్టె దాటాక పట్టాలు ఖాళీగా కనిపించాయి.

తర్వాతి బండి గురించి మూడు భాషల్లో చెబుతున్నారు. ఎర్ర చొక్కా కూలీలు అటువైపు నడుస్తున్నారు. సుభాషిణికి ఆ రోజు వెళ్ళాల్సిన చోటు ఏదీ లేదు, ఎవరికీ సమాధానం చెప్పాల్సిన పని లేదు. ఇంటికి వెళ్ళమని గాని, ఇక్కడ ఉండవద్దని గాని అనేవాళ్ళు ఎవరూ లేరు. స్తంభం పక్కన సిమెంటు బెంచీ ఒకటి కనపడింది. కాసేపు కూర్చోవాలనిపించింది. కూర్చుంది.